రెండో వణుకు

నకాశీ మణెమ్మను చెరిపేసింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అద్దం ముందు నిలబడి కూడా అనలేదు. యంత్రం చెరిపిందని రాజధాని అంతా అనుకుంటోంది. అనుకోనిచ్చాను. కానీ యంత్రం ఆమెను చూసింది. చూసి, అంకెల్లో నాకు చెప్పింది కూడా. నేనే ఆ అంకెలకు "నాయిస్" అని పేరు పెట్టి, ఒక్క బటన్ నొక్కి తీసేశాను.

మొదట తెలియక తీసేశాను. తెలిశాక తిరిగి పెట్టలేదు.

ఆ యంత్రం ఏమిటో తెలియనివాళ్ళు ఇప్పుడు హైదరాబాదులో లేరు గాని, బయటి ఊళ్ళవాళ్ళ కోసం చెబుతాను. ఐదేళ్ళ కిందటి దాకా ఇక్కడ ఏ చిత్రశాలకు వెళ్ళినా బొమ్మ కింద ఇత్తడి పలక మీద ఒకటే మాట: "చిత్రకారులు తెలియదు." సుల్తానుల నాటి చిన్న చిత్రాలకూ అదే. నిర్మల్ చెక్కల మీది హంసలకూ అదే. కథలు చెప్పేవాళ్ళు ఊరూరా విప్పి చూపించిన ముప్పై అడుగుల గుడ్డ పటాలకూ అదే. బొమ్మను కొన్న నవాబు పేరు తెలుసు. దానం చేసిన దొర పేరు తెలుసు. ఫ్రేము కట్టిన కొట్టు పేరు కూడా వెనక చీటీ మీద ఉంటుంది. గీసిన మనిషి పేరే ఎవరికీ అక్కర్లేకపోయింది.

తర్వాత చట్టం వచ్చింది. ప్రజల సొత్తు అయిన ప్రతి చిత్రానికీ ఒక పేరు ఉండాలని. దానికోసం డాక్టర్ పరాంకుశం వసుంధర ఒక యంత్రం తయారు చేశారు. కాగితాల మీద దాని పేరు హస్తదర్శిని. మేమంతా "చెయ్యి" అనేవాళ్ళం. ఇడ్లీబండి అంత ఉంటుంది, చక్రాల మీద పోతుంది. కొత్తగా కట్టిన రాజధాని చిత్రసౌధంతో మొదలుపెట్టి, అసెంబ్లీ వరండాలు, మెట్రో స్టేషన్లు, పెద్దాసుపత్రి గోడలు అన్నీ తిరిగింది. అది తిరిగిన చోటల్లా పాత పలక ఊడి కొత్త పలక పడింది. నిర్మల్ నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుకుంటున్న ఒకాయన తన ముత్తాత పేరు చూసి, ఆ పలకను చేత్తో తుడుస్తూ పావుగంట నిలబడిపోయాడు. ఆ సంతోషం అబద్ధం కాదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ కళ్ళు తడిశాయి. అందుకే ఇప్పుడు ఇంత మండుతోంది.

అది పనిచేసే తీరు ఇది. మనిషి చెయ్యి ఎప్పుడూ కదలకుండా ఉండదు. ఎంత బిగబట్టినా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా వణుకుతుంది. భయంతో వచ్చే వణుకు కాదది. నరాలు, కండరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరే అంత. కంటికి కనిపించదు. వయసు మీదపడితే చాలామందికి నెమ్మదిస్తుంది, పెద్దదవుతుంది. ఒకరి వణుకు ఇంకొకరికి ఉండదని వసుంధర మేడమ్ సిద్ధాంతం. కుంచె పట్టుకుంటే ఆ వణుకు గీతలోకి దిగుతుంది, రంగు ఆరితే అక్కడే ఉండిపోతుంది. "చెయ్యి" ఆ రంగు మందాన్ని, ఎత్తుపల్లాలను కొలిచి, వాటిని మళ్ళీ వణుకుగా మార్చి, తన దగ్గరున్న నమూనాలతో పోల్చి పేరు చెబుతుంది.

నేను అక్కడికి ఎలా చేరానంటే, నాకు డిగ్రీ లేదు. జగదీశ్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసేదాన్ని. కోడింగు, గణితం కొట్టు కౌంటరు వెనక కూర్చుని, గిరాకీ లేనప్పుడు నేర్చుకున్నవే. ఒకరోజు మేడమ్ ఫోన్ తెచ్చారు. బోర్డు విప్పి టంకం చూసి, "దీన్ని ఇంతకుముందు మూడో వరసలో ఖలీల్ భాయ్ విప్పాడు మేడమ్, ఆయన ఎప్పుడూ కుడి నుంచి ఎడమకు లాగుతాడు," అన్నాను. ఆమె ఫోన్ సంగతి మరిచిపోయారు. నెల తిరక్కుండా నాకు తెల్లకోటు వచ్చింది.

గుడ్డ పటాల దగ్గర యంత్రం తడబడింది. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, దాని మీద రంగులు వేస్తారు. కథ చెప్పేవాళ్ళు చుట్టి విప్పి, చుట్టి విప్పి ఆ పూత అంతా పగిలిపోయి ఉంటుంది. పగిలిన గీతలో వణుకు ఎక్కడ దొరుకుతుంది? దారి చూపింది నేనే. ప్రతి బొమ్మలోనూ కళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. అన్నిటికంటే పైన, దీపపు మసితో, ఉడుత వెంట్రుక కుంచెతో పెట్టిన సన్నని నల్లగీతలు. "మేడమ్, కళ్ళు ఒక్కటే చదువుదాం," అన్నాను. మొత్తం ల్యాబు చప్పట్లు కొట్టింది.

కళ్ళు చదివితే రెండు వణుకులు వచ్చాయి.

"ఒకటి నెమ్మదిగా, పెద్దగా ఉంది మేడమ్. ముసలి చెయ్యి. బాలలింగం గారి సంతకాలతో సరిపోతోంది," అన్నాను. నకాశీ బాలలింగం అంటే, పటాలు గీసే నకాశీ కులంలో రాష్ట్ర అవార్డు తీసుకున్న చిత్రకారుడు, పోయి చాలా కాలమైంది. "రెండోది వేగంగా, సన్నగా ఉంది. అది ఎవరితోనూ సరిపోవట్లేదు."

మేడమ్ టీ తాగుతూ నవ్వారు. "ఒక కుంచెను ఇద్దరు పట్టుకుంటారా హిమజా?"

"పట్టుకోరు."

"మరి రెండోది ఏమిటి?"

"స్కానర్ మోటారుదేమో మేడమ్."

"మోటారుదైతే తీసెయ్."

తీసేశాను. నూటికి డెబ్బై ఒకటి ఉన్న కచ్చితత్వం తొంభై తొమ్మిదికి ఎగిరింది. సాయంత్రం ల్యాబులో మిర్చీబజ్జీలు తెప్పించారు. నూట నలభై పటాలకు ఒక్క పేరు తేలింది. చిత్రసౌధంలో ఒక హాలుకు హాలే బాలలింగం మందిరం అయింది. కళా విమర్శకులు దిగారు. "బాలలింగం చివరి దశలో గీత గుండ్రబడింది, స్త్రీ మూర్తులలో కొత్త లాలిత్యం వచ్చింది, వార్ధక్యం ఆయన కుంచెకు యవ్వనాన్నిచ్చింది" అని ఒక పెద్దాయన పుస్తకమే వేశాడు. నా పేరు పరిశోధన పత్రంలో రెండో పేరుగా వచ్చింది. మా అమ్మ దాన్ని ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది. పదో తరగతిలో లెక్కల మాస్టారు "నువ్వు కౌంటర్లో కూర్చోవడానికి పనికొస్తావు" అన్న పిల్ల పేరు.

తర్వాత మణెమ్మ వచ్చింది.

బతికున్న చిత్రకారుల చేతి నమూనాలు తీసుకోవాలని పిలిచాం. ఆమె బాలలింగం కోడలు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మనవరాలు అఖిలతో కలిసి రాగులపల్లి నుంచి బస్సులో వచ్చింది. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి, "దీనికి చెయ్యి సూపియ్యాల్నా? మల్ల జాతకం గూడ జెప్తదా?" అంది. "నీకు మూడో పెండ్లి రాసుందట నాయినమ్మా," అని అఖిల. "నీ నోట్ల మన్నువడ," అని నవ్వుకుంటూనే గుడ్డ ముందు చతికిలబడింది.

గీసింది. అబ్బ, గీసింది! అరగంటలో ఒక గొల్లావిడ, నెత్తిన కుండ, పక్కన మేక. కుంచె ఎత్తడం దించడం తప్ప మధ్యలో ఆలోచన లేదు. ఎర్రటి నేపథ్యం కూడా నింపేసి కుంచె కడిగేసుకుంది. బొమ్మకు కళ్ళు లేవు.

"కళ్ళు కూడా పెట్టవ్వా. మిషను చదివేది కళ్ళనే," అన్నాను.

"నేనెట్ల వెడ్త బిడ్డా? కన్ను ఇంటి పెద్దనే తెరవాలె. కన్ను తెరిస్తెనే బొమ్మకు పానం. గది ఆడోళ్ళు జేస్తరా?"

"అయితే మీ ఇంట్లో కళ్ళన్నీ బాలలింగం గారే పెట్టారా?"

"మా మామనే. సచ్చేదాక ఆయ్ననే. కండ్లు కనవడకపోయినా ఆయ్ననే."

నేను రాసుకుంటున్న పెన్ను ఆపాను. "కళ్ళు కనపడకుండా కన్ను ఎలా తెరిచాడవ్వా?"

"నేను లేనా?" అంది, అందులో అడగడానికి ఏముందన్నట్టు. "షుగరొచ్చి కండ్లు వొయినయి మామకు. ఇర్వై ఏండ్లు. బొమ్మంత నేను గీసి పెడ్దును. అత్త ఉన్నన్ని దినాలు అత్త, నేను. అత్త వొయినంక నేనొక్కదాన్నే. ఆకర్న మామను కూసోవెట్టి, కుంచె చేతికిచ్చి, గిట్ల మనికట్టు వట్టుకుందును." నా చేతిని తన చేతిలోకి తీసుకుని గాలిలో ఒక కన్ను గీసి చూపించింది. చెయ్యి ఎండిన ఆకులా తేలిక. "గీత వంకరవోతె తిట్లు మాత్రం నాకు."

"ఆ ఇరవై ఏళ్ళలో ఆయన బొమ్మ గీయలేదా?"

"యాడ గీసిండు? అరుగు మీద కూసోని చుట్ట తాగిండు."

అఖిల నవ్వింది. "బొమ్మ నీది, కన్ను నీది, అవార్డేమో ముత్తాతది. నీకేం మిగిలిందే?"

"నువ్వు మిగిలినవ్ గద, నా పానం తియ్యనీకె."

వాళ్ళిద్దరూ నవ్వుతున్నారు. నేను గుడ్డ ముక్క ఒకటి ఆమె ముందుకు జరిపాను. ఊరికే ఒక అడ్డగీత గీయమని, దాన్ని స్కాన్ చేశాను. సెకనుకు పదకొండు, ఈ వయసులోనూ. సన్నది, వేగమైనది. నేను స్కానర్ మోటారుది అనుకున్న వణుకు. నూట నలభై పటాల్లో, ప్రతి రాణి కంట్లో, ప్రతి మేక కంట్లో ఉన్న వణుకు. అది ఎవరితోనూ ఎందుకు సరిపోలేదో అప్పుడు అర్థమైంది. మణెమ్మను ఎక్కడా ఎవరూ సంతకం అడగలేదు.

ఆ రోజే మేడమ్ గదికి పరిగెత్తాను. కూర్చోకుండానే చెప్పాను. ఆమె అంతా విన్నారు. కంగారు పడలేదు. మంచి శాస్త్రవేత్త ఆవిడ, వినడం తెలుసు.

"నువ్వు చెప్పేది నిజమయ్యే అవకాశం ఉంది," అన్నారు.

"అవకాశం కాదు మేడమ్. పాత డేటా నా దగ్గర ఉంది. రెండో వణుకు మళ్ళీ కలిపితే చాలు."

"కలిపితే ఒక చిత్రానికి ఇద్దరు వస్తారు. చట్టంలో ఒక చిత్రానికి ఒక పేరు. ఫారంలో ఉన్నది ఒకటే గడి."

"గడి మార్చొచ్చు కదా మేడమ్."

"మార్చొచ్చు. రెండో విడతలో ఆలోచిద్దాం. ఇప్పుడు మారిస్తే ఏమంటారో తెలుసా? ఒక మనిషిని మోటారు అనుకున్న యంత్రం, ఆ క్యాబ్ డ్రైవర్ ముత్తాత పేరు మాత్రం సరిగ్గా ఎలా చెప్పింది అంటారు. అన్ని పలకలూ ఊడతాయి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకొకటి. కళ్ళు చదవడమనే పద్ధతి పత్రంలో నీ పేరు మీదే ఉంది హిమజా. నాకు ఇంకో పది పత్రాలున్నాయి. నీకు ఇదొక్కటే."

ఆవిడ బెదిరించలేదు. ఉన్న మాట చెప్పారు. నేను ఒప్పుకోలేదు కూడా, తల ఊపలేదు, క్యాంటీన్‌కి వెళ్ళి ఉప్మా తిన్నాను. నా మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. ఎదురుతిరిగి ఓడిపోయినా ఏదో ఒకటి. నేను ఉప్మా తిన్నాను.

నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ నూట నలభైలో ఒక్క పటం మీద మాత్రం అప్పటికే మణెమ్మ పేరుంది. ఎప్పుడో ఒక అధికారి రాగులపల్లికి స్వయంగా వెళ్ళి, ఆమె గీస్తుండగా చూసి, కొని తెచ్చి, పలక మీద "నకాశీ మణెమ్మ" అని చెక్కించాడట. యంత్రం తీర్పు ప్రకారం అది తప్పు పలక. దాన్ని తీసే రోజున, కుటుంబం కనుక వాళ్ళనే పిలిచారు, బాలలింగం గౌరవార్థమని. ఆమెకు కొత్త చీర పెట్టారు, శాలువా కప్పారు. శాలువా కప్పి ఆమె ఎదుటే నాలుగు మరలు విప్పారు.

"గది నాది గద బిడ్డా?" అని నన్నే అడిగింది. ఆ హాలులో ఆమెకు తెలిసిన ముఖం నాదొక్కటే. "అయ్య మా ఇంటికొచ్చి చూసిండు. నేను గీస్తుంటె చూసిండు."

చుట్టూ కెమెరాలు. మేడమ్ రెండడుగుల దూరంలో.

"మిషను చెప్పిందవ్వా," అన్నాను.

ఆ నాలుకను ఇప్పటికీ మోస్తున్నాను.

"మిషిను అబద్ధమాడదంటరు గద," అంది మెల్లగా. "మరి నేనాడిన్నా?"

మర్నాడు పేపర్లలో వచ్చింది, మామ కీర్తిని దొంగిలించబోయిన కోడలు అని. రాగులపల్లిలో వాళ్ళ కులపెద్దలు ఇంటికొచ్చి, చచ్చినోని పేరు తింటవా అని అడిగి పోయారట. కొడుకు నెల రోజులు మాట్లాడలేదు. ఇవన్నీ అఖిల ఫోన్లో చెప్పేది. నేను "అయ్యో" అనేదాన్ని. కోట్లమంది మధ్య నిజం తెలిసిన ఒక్కదాన్ని, నేను చేసిన సాయం "అయ్యో".

కానీ తిట్లు ఆమెకు కొత్త కాదు. తట్టుకునేది. జరిగింది వేరే. ఆమె యంత్రాన్ని నమ్మడం మొదలుపెట్టింది.

మొదట ఒక మాట అందట: "ముసల్దాన్నైన, నాకేం యాదికుంటది?" తర్వాత: "మామనే గీసిండేమో. నేను రంగులు నూరిన్నేమో." గత నెలలో అఖిల ఆమెను కూర్చోబెట్టి, ఆ గొల్లావిడ ఫొటో పక్కన చిత్రసౌధంలోని పటం ఫొటో పెట్టి, ఆ బొమ్మ మొన్న నువ్వే గీశావు కదా, ఆ చెయ్యే కదా ఇది అని ఒక్కొక్క గీతా చూపిస్తే, ఆమె చాలాసేపు చూసి, "నేర్సుకున్నది ఆయ్న దగ్గర్నే గద. నాదంటె ఎట్లైతది?" అందట. అరవై ఏళ్ళు మెడ వంచి గీసిన మనిషి. పురిటి నొప్పులు వస్తుంటే కూడా ఒక పటం అంచు పూర్తిచేసి లేచిన మనిషి. ఆమె చేతిని ఆమె నుంచే తీసేసుకున్నాం. పేరులేని వాళ్ళకు పేరిచ్చే యంత్రమట! దానికి విదేశాల నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. పేరున్న ఒక్కగానొక్క ఆడమనిషి దగ్గర ఆ పేరు గుంజుకోవడమే కాదు, అది నీదెప్పుడూ కాదని ఆమె నోటితోనే ఆమెకు చెప్పిస్తోంది.

ఈ రోజు పదకొండు గంటలకు చిత్రసౌధంలో శాశ్వత జాబితా విడుదల. ముద్ర పడ్డాక ఒక్క అక్షరం మార్చడానికి చట్టం ఒప్పుకోదు. ఎవరూ తర్వాత పేచీ పెట్టకుండా మణెమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయిస్తున్నారు. ఆ కాగితం నా టేబుల్ మీదుగానే పోయింది, అచ్చుతప్పులు చూడమని ఇచ్చారు. "ఆ పటాలు మా మామగారు గీసినవి. వయోభారం వల్ల మతిమరుపుతో నావని చెప్పుకున్నాను. క్షమించగలరు." అచ్చుతప్పులు లేవు.

పొద్దున ఏడింటికి అఖిల మెసేజ్ వచ్చింది. ఎనిమిదింటికల్లా ఆఫీసు కారు వాళ్ళింటికి వస్తుంది. మెసేజ్ ఇలాగే ఉంది, ఒక్క ముక్క మార్చట్లేదు:

"అక్కా, నాయినమ్మ నిన్న కుంచెలన్నీ పొయ్యిల పెట్టింది. నావి కాని పని నాకెందుకు అన్నది. ఏడ్వలే. ఉడుత వెంట్రుకలు కాలిన వాసన ఇంకా ఇంట్లనే ఉంది. నాకొక్కటి చెప్పక్కా. మిషిను నిజంగనే తప్పు చెప్పదా? నువ్వు చెప్తే నమ్ముత."

నువ్వు చెప్తే నమ్ముతుందట.

ఇప్పుడు ఏడూ ఇరవై. పదకొండు లోపల ఎవరెవరికి చెప్పాలో లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. మేడమ్‌కు చెప్పాలి, చెబితే ఆపమంటారు. పేపరువాళ్ళకు చెప్పాలి, పాత డేటా అడుగుతారు, ఇస్తాను. చట్టం చేసినవాళ్ళకు చెప్పాలి, ఫారంలో గడి లేదంటారు. తెల్లకోటు పోతుంది, పత్రం వెనక్కి తీసుకుంటారు, జగదీశ్ మార్కెట్లో నా స్టూలు మీద ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో. అన్ని పలకలూ నిజంగానే ఊడతాయేమో, ఆ క్యాబ్ ఆయన ముత్తాత పలకతో సహా. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

కానీ ఇవన్నీ తొమ్మిదింటికి చేసినా జరుగుతాయి. ఎనిమిదింటి లోపల జరగాల్సింది ఒకటే ఉంది. ఒక ముసలమ్మకు, ఆమె కారెక్కకముందు, ఎవరో ఒకరు చెప్పాలి: నువ్వేమీ మరిచిపోలేదవ్వా. గీసింది నువ్వే. కంట్లో కూడా ఉన్నది నీ చెయ్యే. మిషను ఆ మాట మొదటి రోజే చెప్పింది, నేనే నొక్కేశాను.

అఖిలకు ఫోన్ చేస్తే, అఖిల చెబుతుంది, నేను తప్పించుకుంటాను. అది వద్దు. అవ్వకు ఒక చిన్న బటన్ల ఫోనుంది. నంబరు నా దగ్గర ఉంది, ఎప్పుడూ చేయలేదు. నా పేరు వినగానే కోప్పడుతుందని కాదు నా భయం. తిన్నవా బిడ్డా అని అడుగుతుంది.

అడగనీ. మణెమ్మకే చేస్తున్నాను.